జట్టు ఖాతా – కుర్రాడి ఖాతా

మా తమ్ముడి కొడుక్కి 15 ఏళ్ళు. పోయిన ఏడాది ఒక ఆదివారం సాయంత్రం ఫుట్‌బాల్ ఆట నుంచి ఇంటికి వచ్చాడు. బూట్లకు మట్టి లేదు. జెర్సీ నలగలేదు.

“ఏమిరా, ఈ పొద్దు ఆట లేదా?” అన్నాను.

“ఉండింది పెద్దనాయనా. నన్ను దించలేదు. ఇంకా నాలుగు మ్యాచ్‌లు ఉండాయి. ఓడిపోతే మా టీము కింది డివిజన్‌కి పోతుందంట. అందుకని పొడుగ్గా, బలంగా ఉండేవాళ్ళనే ఆడిస్తా ఉండారు.”

వాడు ఆడే క్లబ్బు పేరు ఇక్కడ అనవసరం. ఆ శిక్షకుణ్ణి నేను చూశాను, చెడ్డవాడు కాదు. జట్టు కింది మెట్టుకు జారితే మంచి ఆటగాళ్ళు వేరే క్లబ్బుకు పోతారు, తల్లిదండ్రులు ఫీజు కట్టడం మానేస్తారు, చివరికి అతని ఉద్యోగమే పోవచ్చు. అతని స్థానంలో నేనున్నా బహుశా అదే చేసేవాణ్ణి. అయినా, ఒక తప్పు జరుగుతూ, అందులో తప్పు చేసినవాడు కనబడకపోతే, తప్పు పద్ధతిలో ఉందని అర్థం. మా బ్యాంకు ఇన్‌స్పెక్షన్లు నాకు నేర్పిన పాఠమిది.

నేను చదివింది బి.కాం. ఆట గురించి మాట్లాడే అధికారం నాకేమీ లేదు. కాని ప్రమోషన్ అన్న మాట వినబడితే చెవులు రిక్కించడం మా వృత్తిలో అందరికీ ఉన్న జబ్బు. ఈ ప్రమోషన్, రెలిగేషన్ల నిచ్చెన ఎక్కడ పుట్టింది, పెద్దల ఆట నుంచి పిల్లల ఆటలోకి ఎలా వచ్చింది అని కొన్ని నెలలు తీరిక దొరికినప్పుడల్లా చదివాను. చదివిన దానిలో పాఠకులకు పనికివచ్చేది కొంత ఉందనిపించి ఈ వ్యాసం రాస్తున్నాను.

*

కథ ఇంగ్లండులో మొదలవుతుంది. డబ్బు తీసుకుని ఫుట్‌బాల్ ఆడడాన్ని అక్కడ 1885లో చట్టబద్ధం చేశారు. జీతాలిచ్చే క్లబ్బులకు ఏడాది పొడుగునా టికెట్ల రాబడి కావాలి. అందుకని 1888లో 12 క్లబ్బులు కలిసి ఫుట్‌బాల్ లీగ్‌ను ఏర్పాటు చేసుకున్నాయి. మొదట్లో నిచ్చెన లేదు. పట్టికలో చివరి నాలుగు స్థానాల్లో నిలిచిన క్లబ్బులు, మమ్మల్ని మళ్ళీ చేర్చుకోండి అని తోటివారి ఓట్లు అడుక్కోవాలి. 1892లో రెండో డివిజన్ వచ్చింది. అప్పుడు పైవాళ్ళలో చివరివారికీ కిందివాళ్ళలో మొదటివారికీ మధ్య ‘టెస్ట్ మ్యాచ్‌లు’ అని పరీక్ష పోటీలు పెట్టారు.

1898 ఏప్రిల్‌లో ఒక తమాషా జరిగింది. స్టోక్, బర్న్‌లీ జట్లు చివరి పరీక్ష ఆటకు దిగాయి. ఆట సమానంగా ముగిస్తే చాలు, ఇద్దరికీ మొదటి డివిజన్‌లో చోటు ఖాయం. ఇక ఎవరు గోల్ కొడతారు? బంతిని అటూ ఇటూ తోసుకుంటూ కాలక్షేపం చేశారు. ఆట 0–0గా ముగిసింది. ఆ అల్లరితో పరీక్ష పోటీలు రద్దయ్యాయి. తరువాతి సీజన్ నుంచి కింద మొదటి ఇద్దరు పైకి, పైన చివరి ఇద్దరు కిందికి అన్న నియమం స్థిరపడింది. ప్రపంచమంతా ఈ పద్ధతిని అక్కడి నుంచే నేర్చుకుంది.

ఇక్కడ గమనించవలసిన విషయాలు రెండు. ఈ నిచ్చెనను జీతాలు తీసుకునే పెద్దవాళ్ళ కోసం, టికెట్లు అమ్ముకునే క్లబ్బుల కోసం తయారుచేశారు. పిల్లల ఊసు అందులో లేదు. రెండోది, కింద ఉన్నవాడికి ఆశ పెట్టిన నిచ్చెనే పైన ఉన్నవాడికి భయం పెడుతుంది. భయం ఎక్కువైతే ఆట ఆగిపోతుందని స్టోక్, బర్న్‌లీలు తొలినాళ్ళలోనే చూపించాయి.

*

పిల్లల ఆటలో ఈ నిచ్చెనను ఎత్తి నిలబెట్టి, ఇరవై ఏళ్ళు వాడి, తరువాత దించేసిన దేశం జర్మనీ. కాబట్టి లెక్క చూడడానికి దానికన్నా మంచి ఖాతా దొరకదు.

2000 సంవత్సరం యూరో పోటీల్లో జర్మనీ పరువు పోయింది. రొమేనియాతో 1–1, ఇంగ్లండు చేతిలో 0–1, పోర్చుగల్ చేతిలో 0–3. గ్రూపులో ఆఖరి స్థానం. 39 ఏళ్ళ లోథార్ మత్తేయుస్ ఇంకా జట్టులో ఆడుతున్నాడంటే వెనక కుర్రవాళ్ళు లేరని వేరే చెప్పాలా? వాళ్ళు ఏడుస్తూ కూర్చోలేదు. పై రెండు డివిజన్ల క్లబ్బులన్నీ లైసెన్సు కావాలంటే పిల్లల శిక్షణ కేంద్రం నడపాలని షరతు పెట్టారు. 2002 నుంచి దేశమంతటా 360కి పైగా చోట్ల ప్రాంతీయ కేంద్రాలు నెలకొల్పి, పల్లెటూరి క్లబ్బుల్లోని పిల్లలకు కూడా వారానికొకసారి అదనపు శిక్షణ ఇచ్చారు. 2003లో 19 ఏళ్ళలోపు వారికి, 2007లో 17 ఏళ్ళలోపు వారికి జూనియర్ బుండెస్‌లీగాలు పెట్టారు. దేశాన్ని మూడు ప్రాంతాలుగా విడగొట్టి, ఒక్కో ప్రాంతంలో సాధారణంగా 14 జట్లు ఆడించారు. గెలిచినవాళ్ళు జాతీయ టైటిల్‌కు, చివర ఉన్నవాళ్ళు కింది లీగుకు. పెద్దల నిచ్చెనే, కొంచెం పొట్టిగా.

ఫలితాలు చూడండి. 2008–09లో ఏడాది తిరక్కుండా 19, 17, 21 ఏళ్ళలోపు వారి యూరప్ టైటిళ్ళు మూడూ జర్మనీకే వచ్చాయి. 2009లో మాల్మోలో ఇంగ్లండును 4–0తో ఓడించిన 21 ఏళ్ళలోపు జట్టులోని నాయర్, బోటెంగ్, హుమ్మెల్స్, హోవెడెస్, ఖెడిరా, ఓజిల్ – ఆరుగురు 2014లో ప్రపంచ కప్పు తెచ్చిన జట్టులో ఉన్నారు. మరి నిచ్చెన మంచిదే కదా?

అంత తొందర కూడదు. ఒక ఖాతాలో ఒకే రోజు మూడు జమలు పడితే, ఏ జమ వల్ల అప్పు తీరిందో చెప్పలేం. శిక్షణ కేంద్రాల షరతు, ప్రాంతీయ కేంద్రాలు, నిచ్చెన – మూడూ రెండు మూడేళ్ళ తేడాలో వచ్చాయి. 2018లో దక్షిణ కొరియా చేతిలో 0–2తో ఓడి జర్మనీ తొలి దశలోనే ఇంటికి వచ్చింది. 2022లోనూ అంతే. నిచ్చెన అప్పుడూ ఉంది. కాబట్టి గెలుపు ఒక్కటే చూసి దానికి మార్కులు వేయకూడదు, ఓటమి ఒక్కటే చూసి తీసేయకూడదు. అది లోపల ఎలా పనిచేస్తుందో చూడాలి.

*

జూనియర్ లీగు పట్టికలో పదకొండు, పన్నెండు స్థానాల్లో ఊగుతున్న జట్టును తలచుకోండి. ఇంకా ఆరు ఆటలున్నాయి. శిక్షకుడి దగ్గర ఇద్దరు కుర్రవాళ్ళు. ఒకడు తొందరగా ఎదిగాడు, మీసం వచ్చింది, భుజంతో తోస్తే ఎదుటివాడు పడతాడు. రెండోవాడు బక్కవాడు, చూపు ఉంది, బంతి కాలికి అంటుకుని ఉంటుంది, కాని బలం రావడానికి ఇంకో రెండేళ్ళు పడుతుంది. ఈ ఆదివారం గెలవాలంటే మొదటివాడే దిగాలి. వెనక నుంచి చిన్న చిన్న పాస్‌లతో ఆట కట్టుకుంటూ రావడం నేర్పాలంటే నాలుగు తప్పులు జరుగుతాయి, అందులో ఒకటి గోల్ అవుతుంది. కాబట్టి ‘బంతిని ముందుకు బాదండి’ అంటాడు. ప్రతి నిర్ణయమూ ఆ ఆదివారం వరకు సరైనదే. అన్నీ కూడితే మాత్రం మూడేళ్ళు నేర్చుకోవలసినది నేర్చుకోకుండానే కుర్రవాడు పెద్దవాడవుతాడు.

దీనికొక తార్కాణం పుట్టిన తేదీల్లో దొరుకుతుంది. జర్మనీలో వయసు లెక్క జనవరి 1 నుంచి. ఒకే జట్టులో జనవరిలో పుట్టినవాడూ డిసెంబరులో పుట్టినవాడూ ఉంటారు, ఇద్దరి మధ్య దాదాపు ఏడాది ఎదుగుదల. పై స్థాయి జూనియర్ జట్లలో ఏడాది మొదటి మూడు నెలల్లో పుట్టినవాళ్ళు ఎక్కువ, చివరి మూడు నెలలవాళ్ళు తక్కువ అని పరిశోధకులు ఎన్నోసార్లు చూపించారు. డిసెంబరులో తెలివైన పిల్లలు పుట్టరా? మన దగ్గర దీనికి విరుగుడు వేరు. బ్యాంకులో ఖాతాలు తెరిచేవాళ్ళ కాగితాలు చూస్తే ఒక తరం వాళ్ళలో సగం మంది జూన్, జులై ఒకటో తారీఖునే పుట్టినట్లుంటారు! బడిలో వేసినప్పుడు పంతులుగారు రాసిన పుట్టినరోజులవి.

నిచ్చెన భయం లేకపోయినా ఈ పొరపాటు జరుగుతుంది. మార్కో రోయిస్ సంగతి చూడండి. డార్ట్‌మండ్‌లో పుట్టి, ఆ ఊరి బొరూసియా క్లబ్బులో చిన్నప్పటి నుంచి ఆడాడు. బక్కపలచని వాడు కావడంతో తగినంత ఆట దొరక్క 2006లో ఆలెన్ అనే చిన్న ఊరి క్లబ్బుకు వెళ్ళిపోయాడు. 2012లో అదే బొరూసియా అతణ్ణి సుమారు 1 కోటి 70 లక్షల యూరోలు చెల్లించి వెనక్కి తెచ్చుకుంది. ఇంట్లో ఉన్న ఆస్తిని చేజార్చుకుని, ఆరేళ్ళ తరువాత బజారు ధరకు కొనుక్కోవడమంటే ఇదే. అసలే తప్పులు జరిగే ఈ ఎంపికకు ‘ఈ ఆదివారం ఓడితే కిందికి’ అన్న భయాన్ని కూడా జతచేస్తే ఆ తప్పులు పెరుగుతాయే గాని తగ్గవు.

*

2024లో జర్మన్ ఫుట్‌బాల్ సంఘం నిచ్చెనను దించేసింది. జూనియర్ బుండెస్‌లీగాల స్థానంలో కొత్త యువ లీగు వచ్చింది. గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాలున్న 50కి పైగా క్లబ్బులకు అందులో శాశ్వత స్థానం. ఏడాది మొదటి సగంలో చిన్న ప్రాంతీయ గ్రూపులు. రెండో సగంలో ఆటతీరును బట్టి ఏ, బీ అని రెండు భాగాలు. ఏ నుంచి టైటిల్‌కు పోటీ. గెలుపోటములున్నాయి, పట్టిక ఉంది, కప్పూ ఉంది. ఓడితే ఇల్లు ఖాళీ చేయవలసిన పని మాత్రం లేదు. ఇంగ్లండు కూడా ఇదే దారి పట్టింది. యువజట్ల పోటీని రెండు డివిజన్లుగా చేసి, ఎక్కడం దిగడం పెట్టి, 2016లో దానికి ప్రీమియర్ లీగ్ 2 అని పేరు మార్చినవాళ్ళు 2023లో మళ్ళీ అన్నిటినీ ఒకే పట్టికలో కలిపేశారు.

అయితే దీనికి ఎదురు వాదం లేకపోలేదు. అది తేలిగ్గా తోసిపుచ్చదగ్గదీ కాదు. ఇంతకుముందు పెద్ద శిక్షణ కేంద్రం లేని చిన్న ఊరి క్లబ్బు కూడా, ఒక తరం పిల్లలు బాగా కుదిరితే, మెట్టు మెట్టూ ఎక్కి బయర్న్ మ్యూనిక్ పిల్లలతో ఆడగలిగేది. ఇప్పుడు రెండో దశలో బీ భాగంలోకి ప్రాంతీయ లీగుల జట్లకు కొంత దారి ఉంచారు గాని, పెద్ద తలుపు మాత్రం మూసినట్లే. నిచ్చెన భయపెడుతుందన్నది నిజం. కాని ఎవరి ముఖమూ చూడకుండా పైకి పంపేదీ అదే. ఇంకొక మాట. 2023లో 17 ఏళ్ళలోపు ప్రపంచ కప్పును ఇండోనేషియాలో గెలిచిన జర్మన్ కుర్రవాళ్ళు ఆ పాత నిచ్చెన మీద పెరిగినవాళ్ళే.

మిరొస్లావ్ క్లోసాను కూడా మరిచిపోకూడదు. పోలండులో పుట్టి చిన్నతనంలో జర్మనీ వచ్చిన అతను ఏ శిక్షణ కేంద్రంలోనూ పెరగలేదు. 20వ ఏట దాకా వడ్రంగం నేర్చుకుంటూ ఏడో శ్రేణిలోని పల్లెటూరి క్లబ్బులో ఆడాడు. 1998లో హోంబుర్గ్, 1999లో కైజర్స్‌లౌటెర్న్. తరువాత నాలుగు ప్రపంచ కప్పుల్లో 16 గోల్స్, 2014లో అది రికార్డు. ఆలస్యంగా పండినవాడికి పెద్దల ఆటలో ఏడు శ్రేణుల నిచ్చెన నిలిచి ఉండబట్టే పైకి రావడానికి దారి దొరికింది. కాబట్టి నిచ్చెన చెడ్డదని నేననడం లేదు. ఎవరి భుజాల మీద మోపారన్నదే ప్రశ్న.

*

ఈ ప్రశ్నకు జవాబు నాకు ఊహించని చోట దొరికింది. జర్మనీ అదే 2024లో ఇంకా చిన్న పిల్లల ఆటనూ మార్చింది. ఆరేడేళ్ళ వాళ్ళకు పెద్ద మైదానం లేదు. ఇద్దరికి ఇద్దరు, ముగ్గురికి ముగ్గురు, నాలుగు చిన్న గోళ్ళు. పాయింట్ల పట్టిక లేదు. అప్పటి డార్ట్‌మండ్ అధిపతి హాన్స్-యోహిమ్ వాట్స్కే దీని మీద బహిరంగంగానే విరుచుకుపడ్డాడు. ఓటమి అంటే ఏమిటో ఆరేళ్ళకు, ఎనిమిదేళ్ళకు తెలియని వాడికి గెలిచే శక్తి ఎక్కడి నుంచి వస్తుందని ఆయన వాదన. వినడానికి న్యాయంగానే ఉంది.

కాని ఆ చిన్న పిల్లల ఆటల రోజును దగ్గరగా చూస్తే వింత కనబడుతుంది. అక్కడ నిచ్చెన ఉంది! మైదానాలు వరసగా వేస్తారు. పది నిముషాలకు మించని ఒక్కో ఆట అయ్యాక గెలిచిన జట్టు ఒక మైదానం పైకి, ఓడిన జట్టు ఒక మైదానం కిందికి జరుగుతుంది. మూడు నాలుగు ఆటలయ్యేసరికి ఎవరి స్థాయివాళ్ళు వాళ్ళకు ఎదురవుతారు. ఓడినవాడు ఏడుస్తాడు, పది నిముషాల తరువాత గెలుస్తాడు. ఓటమీ తెలుస్తుంది, గెలుపూ తెలుస్తుంది. పెద్ద లీగులో ఏడాది పాటు పట్టుకునే మెట్టు ఇక్కడ పది నిముషాలే పట్టుకుంటుంది. అందుకే అది శిక్షగా కాక జోడీ కుదిర్చే ఉపాయంగా పనిచేస్తుంది.

పోటీని పాఠంగా మలచడం మనవాళ్ళకూ కొత్త కాదు. 1951, 1962 ఆసియా క్రీడల్లో భారత జట్టుకు స్వర్ణాలు తెచ్చిన శిక్షకుడు ఎస్.ఏ. రహీం హైదరాబాదులో బడి పంతులుగా పనిచేసినవాడు. ఆయన తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆ రహీం సాబ్ కుర్రవాళ్ళకు అలవాటు లేని కాలితోనే ఆడాలనే పోటీలు, బంతిని నడిపించుకుపోకుండా వెంటనే అందించాలనే పోటీలు పెట్టించారు. ఆ పోటీలో గెలిచినా ఓడినా కుర్రవాడి ఎడమకాలు మిగులుతుంది.

*

నేను కొన్నేళ్ళు కృష్ణగిరి వైపు ఒక శాఖలో పనిచేశాను. చుట్టూ మామిడి తోటలు, రైతుల్లో మన తెలుగువాళ్ళు చాలామంది. అంటు నాటిన నాలుగైదేళ్ళకు గాని చెప్పుకోదగ్గ కాపు రాదు. అందుకే తోట అప్పుకు కాపు వచ్చేదాకా అసలు వాయిదా అడగం. మామూలు అప్పులో 90 రోజులు బాకీ పడితే నిరర్థక ఆస్తి అని రాసే రిజర్వు బ్యాంకు కూడా, 2004లో వ్యవసాయానికి వేరే గడియారం పెట్టింది. స్వల్పకాలిక పంటకు రెండు పంటకాలాలు, దీర్ఘకాలిక పంటకు ఒక పంటకాలం ఆగాలంది. అప్పు వసూలులో దయ చూపడం దాని ఉద్దేశం కాదు. పైరు పండే గడువు వేరు, బ్యాంకు పుస్తకం మూసే గడువు వేరు అని గుర్తించడమే. కిందికి జారిన జట్టు వచ్చే ఏడాది మళ్ళీ ఎక్కవచ్చు. ఆ ఏడాది బెంచీ మీద కూర్చున్న కుర్రవాడికి మళ్ళీ 15 ఏళ్ళు రావు.

ఇది ఆట సంగతే కాదని పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. నేను హోసూరు వైపు తెలుగు మీడియంలో చదివినప్పుడు నా పక్కన కూర్చునేవాడు లెక్కల్లో కొంచెం వెనకబడి ఉండేవాడు. పదో తరగతిలో బడి ఫలితం నూటికి నూరు రావాలని వాణ్ణి తొమ్మిదిలోనే ఆపేశారు. బడికి నూరు వచ్చింది. మా ఊళ్ళో ఆ ఏడాది దాని గురించే మాట్లాడుకున్నారు. వాడు మళ్ళీ బడి గడప తొక్కలేదు.

మా తమ్ముడి కొడుకు జట్టు ఒక్క పాయింటు తేడాతో కింద పడకుండా బయటపడింది. శిక్షకుడు అందరికీ మైసూర్ పాక్ పంచాడు. వాడు కూడా తిన్నాడు. ఆ రాత్రి తన లెక్కల నోటుబుక్కు వెనక పేజీ నా ముందు పెట్టాడు. సీజన్‌లో ఏ ఆటలో ఎన్ని నిముషాలు ఆడాడో పెన్సిలుతో రాసుకున్నాడు. 18 వరసలు. వాటిలో సున్నాలే ఎక్కువ.

“కూడి చెప్పు పెద్దనాయనా, నువ్వు బ్యాంకు కదా” అన్నాడు.

రెండుసార్లు కూడాను. 214 నిముషాలు వచ్చింది.

“80 నిముషాల ఆటలైతే ఎన్ని?”

“మూడు కూడా కాదురా” అన్నాను.